బెర్గర్ దొర తీగల నుండి పల్లెటూరి తలపట్టీ వరకు

మన కోయంబత్తూరు తెలుగువారిలో జి.డి. నాయుడుగారి పేరు ఎరుగని ఇల్లు లేదు. 1941లో ఆయన అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించినారు. కలవారి హాలులో మాత్రమే పాడుచుండిన పెట్టెను సామాన్యుని ఇంటికి తేవలెనన్నది ఆయన పట్టుదల. మన కాలములో మరొక యంత్రము కూడ ఇదే దారి పట్టినది. దానిని గూర్చి ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచితిమి. మేము రైల్వే గుమాస్తాలము గాని డాక్టర్లము కాము. మెట్రిక్యులేషను చదువుకు అందినంత మేరకే చెప్పగలము.

ఆ యంత్రమును ఇ.ఇ.జి. అందురు. మూర్ఛలు వచ్చు బిడ్డలను ఆసుపత్రికి తీసుకుపోయిన తల్లిదండ్రులు దీనిని చూచియే యుందురు. తలనిండ తీగలు అంటించి వంకర గీతలు గీయించు పెట్టె అదే. తలంటుకొని, నూనె రాయకుండ రమ్మని నర్సులు చెప్పుట ఊరకనే కాదు; నూనె ఉన్నచోట తీగకు చర్మము సరిగా అందదు. మెదడులో పుట్టు విద్యుత్తు తల పైకి వచ్చుసరికి వోల్టులో లక్షవ వంతు మొదలు పదివేలవ వంతు వరకే యుండును. టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టు అని తలచినచో అదెంత స్వల్పమో తెలియును.

కుందేళ్ళ మెదళ్ళలోను, కోతుల మెదళ్ళలోను ఇట్టి విద్యుత్తు కలదని 1875లోనే లివర్‌పూలు డాక్టరు రిచర్డ్ కాటన్ తెలిపినాడు. మనుష్యుని తలపై దానిని మొదట పట్టినవాడు జర్మనీ దేశములో యేనా పట్టణపు డాక్టరు హాన్స్ బెర్గర్. ఈయన కథ విచిత్రమైనది. యౌవనమున సైన్యములో ఉండగా గుర్రము మీదనుండి పడి, ఫిరంగి బండి చక్రము క్రింద నలుగబోయి తప్పించుకొన్నాడు. ఆ సాయంకాలమే క్షేమము అడుగుచు తండ్రి వద్దనుండి టెలిగ్రాము వచ్చినది! ఎక్కడో ఇంటి వద్దనున్న అక్కకు ఆ దినమున మనసు కీడు శంకించినదట. తలపు ఒక తల నుండి మరొక తలకు తంతివలె పోవునా అన్న సంశయము బెర్గర్‌ను జన్మమంతయు వదలలేదు. ఆ తంతి ఆయనకు దొరకలేదు. దానిని వెదకుచు 1924లో ఈ అలలను కనుగొన్నాడు. కండ్లు మూసి ఊరక కూర్చున్న మనుష్యుని తలలో సెకండుకు సుమారు పది మార్లు ఊగు అలకు ఆల్ఫా అని పేరు పెట్టినాడు. 1929లో అచ్చువేయించగా తోటి డాక్టర్లు చాలమంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అను వారు తామే చేసి చూచి ఔనన్న తరువాతనే లోకము ఒప్పుకొన్నది. పెద్ద ఊరివాడు ఔనంటే గాని చిన్న ఊరివాని మాట చెల్లదు. ఏ దేశమైనను అంతే గాబోలు.

1957లో వెంగర్, బాగ్చీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికా నుండి యంత్రమును మోసుకొని వచ్చి మన దేశమున యోగుల తలలు పరీక్షించిరి. యోగుల తలలు చూచిరి, దొరల కాలేజీ విద్యార్థుల తలలు చూచిరి. కలుపు తీయు కూలివాని తల ఎవరు చూచిరి? మనుష్య స్వభావమని గ్రంథములలో వ్రాసినదెల్ల ఎక్కువగా పాశ్చాత్య విద్యావంతులను చూచి వ్రాసినదే యని 2010లో హెన్రిక్ మొదలగువారు ఎత్తి చూపినారు.

కూలివాని వద్దకు పోవలెనన్న యంత్రము తేలికగాను, చవుకగాను ఉండవలె. అట్టిదానిని తెచ్చినవారిలో ముఖ్యురాలు టాన్ లే. వియత్నాము నుండి పసితనమున పడవలో పారిపోయి ఆస్ట్రేలియా చేరిన వలస బిడ్డ. ఈమెయు మరి ముగ్గురును 2003లో ఇమోటివ్ కంపెనీ స్థాపించిరి. 2009లో వచ్చిన వారి ఎపోక్ అను తలపట్టీ వెల అప్పుడు 299 డాలర్లుగా ఉండెను. ఉప్పునీటితో తడిపిన 14 మెత్తలు తలకు ఆనును; తీగ లేకయే వార్త కంప్యూటరుకు పోవును. నిజమునకు దానిని ఆటలకని అమ్మినారు!

దీనిని తమిళనాటి పల్లెలకు చేర్చినవారు తారా త్యాగరాజన్. అమెరికాలో స్టాన్‌ఫర్డులో మెదడు శాస్త్రము చదివి వచ్చి, పల్లె స్త్రీలకు చిన్న అప్పులిచ్చు మధురా మైక్రోఫైనాన్సు సంస్థను నడిపినారు. ఆమెయు ధన్యా పరమేశ్వరనును 48 చోట్ల 402 మంది తలలు పరీక్షించి 2017లో ఫలితము వెల్లడించిరి. ఆ జనములో ఏటికి 300 డాలర్లు సంపాదించువారు మొదలు లక్షా యాభై వేలు సంపాదించువారి వరకు కలరు. అందరికీ సమానమని తలచిన ఆల్ఫా అల కొందరిలో బలముగాను, కొందరిలో దాదాపు లేకయు కనబడినది. రాబడి, ఫోను, ప్రయాణము వంటి ఆధునిక వసతులు పెరిగినకొలది అల బలపడినది.

ఇది వినగానే బీదవాని మెదడు తక్కువదని తేల్చువారు కొందరుందురు. మేమా మాట ఒప్పుకొనము. అల తక్కువైన బుద్ధి తక్కువని పరిశోధకులు చెప్పలేదు. రెండు వస్తువులు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని తేలదు. మా పెద్దలు ఈ నేలకు వచ్చినప్పుడు వారికి ఫోను లేదు, రాబడి లేదు. అయినను కరిసల్ భూమిలో ప్రత్తి పండించిరి, మిల్లులు కట్టిరి. గ్రంథములలో ఉన్న మెదడే మెదడు కాదని తేలినదే, అది మాకు పెద్ద సంగతిగా తోచుచున్నది. తారాగారు 2016లో సేపియన్ ల్యాబ్స్ అను సంస్థ స్థాపించి ఈ పనినే విస్తరించినారు.

చవుక యంత్రమునకు చవుక గుణములు కొన్ని లేకపోలేదు. మెత్త ఆరినను, తల కదిపినను, పండ్లు కొరికినను గీతలు చెడును. 2013లో సిడ్నీలోని మెక్వారీ విశ్వవిద్యాలయమువారు దీనిని ప్రయోగశాల యంత్రముతో పోల్చి, చెవికి శబ్దము వినిపించినప్పుడు పుట్టు పెద్ద అలలు రెండింటను ఇంచుమించు ఒకటిగానే వచ్చినవని చూపిరి. ఇది పరిశోధన మాట. మూర్ఛ వచ్చు బిడ్డను మాత్రము ఆసుపత్రి యంత్రము వద్దకే తీసుకుపోవలెను.