పిలవని పేరంటం

ఈ సంక్రాంతికి మా తమ్ముడూ మరదలూ వచ్చారు. వచ్చినవాళ్ళు నాలుగు అరిసెలు తిని, కబుర్లు చెప్పుకుని పోతారనుకున్నాను. అబ్బే! కనుమనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా తమ్ముడికీ మా అమ్మాయికీ మొదలైన తగువు రెండు రోజులు నడిచింది. కంగారు పడకండి, ఆస్తి తగువు కాదు. పింక్ ఫ్లాయిడ్ అని ఇంగ్లండులో ఒక సంగీత బృందం ఉండేది. వాళ్ళ పొడుగాటి పాటల్లో ఏది గొప్పది? అదీ సంగతి.

"ఎకోసే. దానికి సాటి లేదు" అంటాడు అరవై దాటిన మా తమ్ముడు.

"ఎన్నాళ్ళు పట్టుకు వేళ్ళాడతావు మావయ్యా దాన్ని? డాగ్స్ విను, అసలు కోపమంటే ఏవిటో తెలుస్తుంది" అంటుంది ఆఫీసులో పై అధికారులతో వేగిపోయే మా అమ్మాయి.

మావారు పేపరు దించి, "అట్ట మీద ఆవు బొమ్మ ఉంటుంది చూడు, నా ఓటు దానికి" అన్నారు. ఆయనకు సంగీతం సంగతి అంతంత మాత్రం. ఆవంటే మాత్రం ఇష్టం.

చివరికి ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. నాకా పాటలతో పరిచయం లేదని కాదు. మా తమ్ముడు ఇంజనీరింగు చదివే రోజుల్లో సెలవులకి హాస్టలు నుంచి కాసెట్లు మోసుకొచ్చేవాడు. ఒకసారి అర్ధరాత్రి వాడి గదిలోంచి 'టంగ్' మని, చుక్కా చుక్కా నీళ్ళు పడుతున్నట్టు శబ్దం. మా అమ్మ లేచి, కుళాయి సరిగ్గా కట్టలేదేమోనని వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చింది. ఆ చుక్కే ఎకోస్ పాటకి మొదలట! నలభై ఏళ్ళ తర్వాత ఇప్పుడు తెలిసింది. సరే, తీర్పు చెప్పాలంటే వినాలిగా. విన్నాను. వాటి కథ కూడా చదివాను.

అసలు పాట అంత పొడుగెందుకు? మా నాన్నగారి దగ్గర పాత గ్రామఫోను రికార్డులుండేవి. ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. నాటక పద్యం ఎత్తుకుని గాయకుడు రాగం తీయబోతుండగానే ముల్లు చివరికొచ్చేసేది. కచేరీలో ముప్పావు గంట సాగే కీర్తన కూడా అందులోనే ఇమడాలి. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33 చుట్లు చిల్లర తిరిగే ఎల్.పి. రికార్డు తెచ్చాక, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టే వీలొచ్చింది. అయినా రేడియో కోసం, చిన్న రికార్డుల కోసం ఇంగ్లీషు పాటలవాళ్ళు ఆ మూడు నిమిషాల కొలత చాలాకాలం వదల్లేదు. పెద్దిల్లు కట్టుకుని కూడా పాత గిన్నెలోనే వండుకోవడమన్నమాట. ఆ గిన్నె మార్చినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు.

బృందం 1965లో లండన్‌లో పుట్టింది. రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ — ముగ్గురూ భవనాలు కట్టే ఆర్కిటెక్చర్ విద్యార్థులు. నాలుగోవాడు సిడ్ బారెట్, కేంబ్రిడ్జి కుర్రాడు, బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నవాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ నల్లజాతి గాయకుల పేర్లు కలిపి బృందానికి పేరు పెట్టింది అతనే. పాటలు రాసేదీ, ముందు నిలబడి పాడేదీ, చూడముచ్చటైనవాడూ అతనే. 1966 చివర్లో లండన్‌లో యు.ఎఫ్.ఓ. అనే క్లబ్బులో వీళ్ళు వాయిస్తుంటే, గాజు పలకల మధ్య రంగు నూనెలు పోసి ఆ కదిలే మరకలని వీళ్ళ మీద దీపాలతో వేసేవారు. సైకడెలిక్ అనే మాట ఆ రోజులదే. 1967లో వచ్చిన మొదటి ఎల్.పి.లో 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్' దాదాపు పది నిమిషాలుంటుంది. మా తమ్ముడు క్షమించాలి, నాకది సామాన్ల గదిలో పిల్లి దూరినట్టనిపించింది.

అదే ఏడు సిడ్ రాసిన 'సీ ఎమిలీ ప్లే' అనే చిన్న పాట బ్రిటన్ పట్టికలో ఆరో స్థానానికి ఎక్కింది. అప్పటికి అతనికి ఇరవై ఒకటి. ఏడాది తిరక్కుండానే మనిషి చెదిరిపోయాడు. ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు కొంత, లోపల ముందే ఉన్నదేదో కొంత కాబోలు. స్టేజీ మీద గిటారు మెళ్ళో వేసుకుని వాయించకుండా నిలబడిపోయేవాడట. కేంబ్రిడ్జి స్నేహితుడే, డేవిడ్ గిల్మర్‌ని తోడు తెచ్చుకున్నారు. 1968 జనవరిలో ఒకరోజు అందరూ కారులో సౌతాంప్టన్‌లో కార్యక్రమానికి బయలుదేరారు. దారిలో సిడ్‌ని ఎక్కించుకోవాలా అన్న మాట వచ్చింది. వద్దులే అనుకున్నారు. అంతే. పోట్లాట లేదు, ఉత్తరం లేదు. కారు ఆ వీధి వైపు తిరగలేదు.

పాటలు రాసేవాడు పోయాక మిగిలినవాళ్ళకి తెలిసిన విద్య ఇల్లు కట్టడం. ఆ ఏడాదే 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్' అనే పన్నెండు నిమిషాల పాటకి వాటర్స్, మేసన్ స్వరాలు రాయలేదట, కాయితం మీద ఎత్తులూ పల్లాలూ గీసి ప్లాను వేసుకున్నారట. పొడుగు పాటలకి పునాది అక్కడ పడింది.

మావారి ఆవు పాట 1970ది. పేరు 'ఆటమ్ హార్ట్ మదర్'. నిడివి 23 నిమిషాల 44 సెకన్లు. అణుశక్తితో నడిచే గుండె యంత్రం పెట్టించుకున్న ఒకావిడ గురించి పేపర్లో పడిన శీర్షిక చూసి పాటకా పేరు పెట్టేశారు. పాటకీ ఆవిడకీ సంబంధం లేదు, ఆవుకీ లేదు. ఇందులో నాకు నచ్చిన ముచ్చట వేరే ఉంది. ఇ.ఎం.ఐ. కంపెనీవాళ్ళు కొత్తగా తెచ్చిన వెడల్పాటి టేపుని కోసి అతికించడానికి ఒప్పుకోలేదు. దాంతో మేసన్ డ్రమ్ములు, వాటర్స్ బాస్ గిటారు మొదట్నుంచి చివరిదాకా ఆపకుండా ఒక్క ఊపున వాయించాల్సొచ్చింది. ఇరవై మూడు నిమిషాలు నడక చెదరకుండా వాయించడమంటే మాటలా? చెదిరింది. వింటే తెలుస్తుంది. దాని మీద బూరలూ బృందగానమూ కూర్చిపెట్టినవాడు రాన్ గీసిన్. తర్వాత బృందంవాళ్ళే ఆ పాటని చిన్నచూపు చూశారు. నాకు మాత్రం ఆ తడబాటు మీద జాలేసింది. మొదటిసారి పదిమందికి వండిన కోడలి వంటలా ఉంది.

ఎకోస్ దగ్గరికొద్దాం. 1971. 23 నిమిషాల 31 సెకన్లు, ఎల్.పి.కి ఒక వైపు మొత్తం. చేతిలో పాట లేకుండా స్టూడియోలో కూర్చుని, ఒక్కొక్కరు తోచిన ముక్కలు వాయించి టేపుల మీద దాచుకున్నారు. వాటికి 'నథింగ్' అని పేరు — అంటే ఏమీ లేదు అని! మొదటిది, రెండోది అంటూ నెంబర్లు కూడా వేశారు. ఆ ఏమీ లేనివాటిలోంచి పుట్టిందే ఎకోస్. మా అమ్మని నిద్ర లేపిన ఆ చుక్క, రైట్ పియానో మీద పైస్థాయిలో నొక్కిన ఒక్క మెట్టు. దాన్ని గిరగిరా తిరిగే లెస్లీ స్పీకరులోంచి పంపితే అలా తడిగా మోగింది. మధ్యలో పాట మాయమై గాలీ చీకటీ మిగులుతాయి. ఏదో సముద్రపు పక్షి ఏడుస్తున్నట్టుంటుంది. అది పక్షి కాదు, గిల్మర్ గిటారు. కాలితో తొక్కే పెడల్‌కి తీగలు తారుమారుగా తగిలిస్తే అలా ఏడ్చింది. మన వంటల్లో కూడా పొరపాటున కుదిరినవి ఎన్ని లేవూ! తర్వాత చీకట్లోంచి మళ్ళీ ఆ చుక్క. అప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. రైట్, గిల్మర్ గొంతులు రెండూ కలిసి ఒక్క గొంతుగా పాడతాయి. 2008లో రైట్ పోయాక, అతను లేకుండా ఆ పాట ఇంక వాయించనన్నాడు గిల్మర్. 1971లోనే ఇటలీలోని పాంపే శిథిలాల మధ్య, ఒక్క ప్రేక్షకుడు లేకుండా వాళ్ళా పాట వాయిస్తుంటే సినిమా తీశారు. మా తమ్ముడు ఫోన్‌లో చూపించాడు. బూడిదలో పూడిపోయిన ఊరికి వినిపిస్తున్నట్టే ఉంది.

కట్టడానికైతే ఎకోసే మేలు. ఒప్పుకున్నాను. మా తమ్ముడు అప్పుడే గెలిచేశాననుకున్నాడు.

డాగ్స్ 1977 నాటి 'ఆనిమల్స్'లోది, 17 నిమిషాలు. పక్కవాడి వీపున పొడిచి పైకెక్కే వ్యాపారపు మనుషుల మీద కోపం. మధ్యలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ ప్రతిధ్వనిస్తూ కరిగిపోతుంది, చాలా బాగుంది. అయితే పాట మొత్తం వేలు చూపిస్తూనే ఉంటుంది. తప్పంతా ఎదటివాళ్ళదే. మా అమ్మాయికి నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఆ వయసులో నాకూ నచ్చేదేమో.

నా ఓటు 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'కి. 1975 నాటిది, తొమ్మిది భాగాలు, అన్నీ కలిపి సుమారు 26 నిమిషాలు. దీనికి ముందు ఈ మహానుభావులు ఇంకో పిచ్చిపని చేశారు. 1973 చివర్లో వాద్యాలన్నీ పక్కన పెట్టి, ఇంట్లో సామాన్లతోనే ఒక రికార్డు చేయాలని వారాల తరబడి కూర్చున్నారు. రబ్బరు బ్యాండ్లు, చీపుళ్ళు, గొడ్డలితో కట్టెలు కొట్టడం! రోజూ వంటింట్లో మనం చేసే కచేరీకి ఎవరూ టేపు పెట్టరు గానీ. చివరికి విసిగి వదిలేశారు. ఒక్కటి మాత్రం దక్కింది. గాజు గ్లాసుల అంచుల మీద తడి వేలు తిప్పితే వచ్చే నాదం. షైన్ ఆన్ మొదట్లో వినపడే ఆ సన్నటి మెరుపులో ఆ గ్లాసులున్నాయి. తర్వాత గిటారు మీద నాలుగే నాలుగు స్వరాలు. ఎనిమిదిన్నర నిమిషాలు దాటితే గానీ మనిషి గొంతు రాదు. మన విద్వాంసులు ఆలాపనకి తీసుకున్నంత సేపన్నమాట. ఏదో చెప్పాలని వచ్చి, నోరు పెగలక గుమ్మంలో నిలబడ్డవాడిలా ఉంటుంది.

ఎవరికి చెప్పాలనో తెలుసుగా. సిడ్ బారెట్‌కి. కారు ఆపకుండా వెళ్ళిపోయిన ఏడేళ్ళకి.

1975 జూన్ 5న లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో ఈ పాటకే మెరుగులు దిద్దుతున్నారు. ఒక లావుపాటి మనిషి లోపలికొచ్చాడు. గుండు, కనుబొమ్మలు కూడా గొరిగేసి ఉన్నాయి. స్టూడియో మనిషే అనుకుని ఎవరిపాటికి వాళ్ళు పని చేసుకున్నారు. ఎంతసేపటికో తెలిసింది, అతనే సిడ్ అని. ఎవరూ పిలవలేదు. అతని మీద పాట కడుతున్న రోజే తనంత తాను వచ్చాడు. వాటర్స్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడంటారు. ఆ రోజు తీసిన ఫొటో ఉంది. మా అమ్మాయి చూపించబోతే నేను తల తిప్పుకున్నాను.

ఎందుకో చెప్తాను. మా బంధువుల్లో ఒకబ్బాయి, చక్కగా చదువుకున్నవాడు, మతి చెదిరాక పెళ్ళిళ్ళకి పిలవడం మానేశాం. శుభలేఖ వాళ్ళ నాన్న పేరుతోనే వెళ్ళేది. ఒకరు చెప్పి చేసిందేం కాదు, అందరం కలిసి చేసింది. ఒక పెళ్ళికి తనే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భోజనాల హాలు దగ్గర చివరి వరసలో కూర్చున్నాడు. మగపెళ్ళివారి మనిషనుకుని నేనే వెళ్ళి, "భోంచేశారాండీ?" అని అడిగాను. "చేశానక్కా" అన్నాడు. ఆ 'అక్కా' వినేదాకా గుర్తుపట్టలేదు. ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకు జ్ఞాపకం లేదు. ఏమీ మాట్లాడలేదనే అనుకుంటాను.

"అదంతా సరే అక్కా, పాటగా చూడు" అన్నాడు మా తమ్ముడు. వాడి అభ్యంతరం న్యాయమైనదే. షైన్ ఆన్‌ని రెండు ముక్కలు చేసి, మొదటి అయిదు భాగాలు రికార్డు ముందు, చివరి నాలుగు ఆఖర్న, మధ్యలో వేరే మూడు పాటలు పెట్టారు. గిల్మర్ కూడా ఒప్పుకోలేదట, వాటర్స్ మాట నెగ్గింది. "రెండుగా కోసిన పాట ఒక్క పాటెలా అవుతుంది?" అన్నాడు.

నేనేమన్నానంటే, జరిగింది కూడా అలాగే కదా. మధ్యలో ఏడేళ్ళు వాళ్ళ వ్యాపారాలు, వాళ్ళ పేరు ప్రతిష్ఠలు, వేరే పాటలు. మర్చిపోయారనుకునే సమయానికి మళ్ళీ అదే మనిషి గుర్తొచ్చాడు. ఎకోస్‌లో చుక్క మళ్ళీ మోగేది ప్లాను ప్రకారం. ఇందులో తిరిగి రావడానికి ప్లానులో చోటు లేదు. అంతకంటే శాస్త్రం నాకు తెలీదు. మా అమ్మాయి, "అమ్మా, నువ్వు పాటకి కాదు, సిడ్‌కి ఓటేస్తున్నావు" అంది. కావచ్చు. విడదీసి వినడం నాకు చేతకాలేదు.

సిడ్ తర్వాత కేంబ్రిడ్జి చేరి, పుట్టినప్పుడు పెట్టిన రోజర్ పేరుతోనే ఉండిపోయాడు. బొమ్మలేసుకున్నాడు, మొక్కలు పెంచుకున్నాడు. 2005లో మిగిలిన నలుగురూ ఒక్కసారి లండన్‌లో ఒకే వేదిక మీద కలిసి అతన్ని తలచుకుని పాడారు. 2006 జులైలో అరవయ్యో ఏట పోయాడు.

వాళ్ళు బయలుదేరే ముందు మా తమ్ముడు, "నువ్వొకటి వినలేదక్కా" అంటూ ముందు 1967 నాటి ఎమిలీ పాట పెట్టాడు. చలాకీగా, చిన్నపిల్లల ఆటలా ఉంది. తర్వాత షైన్ ఆన్ తొమ్మిదో భాగం చివరికి జరిపాడు. అందరూ వాయించి ఆపేస్తున్నారు, రైట్ ఒక్కడే మిగిలాడు, శబ్దం సన్నగిల్లిపోతోంది. అందులో, గుర్తుపడితే పట్టు లేకపోతే లేదన్నట్టు, ఆ ఎమిలీ పాట వరస ఒక్కసారి వినపడి ఆరిపోయింది.

"మళ్ళీ పెట్టరా" అన్నాను.

"రైలుకి టైమవుతోందక్కా" అంటూనే మళ్ళీ పెట్టాడు.