నన్నూరేండ్ల కెప్టెన్, ఎడారిలో ఓడ

1987 సెప్టెంబరు 18వ తేదీన అమెరికా టెలివిజనులో ‘డక్‌టేల్స్’ అను బాలల బొమ్మల ధారావాహిక ఆరంభమైనప్పుడు, మొట్టమొదట చూపబడిన ‘బంగారు సూర్యుల నిధి’ కథయందు ఎల్ కపితాన్ అను వృద్ధ నావికుడొకడు కలడు. మేనల్లుడైన డొనాల్డ్ నౌకాదళమున చేరి, తన మేనల్లుళ్లు ముగ్గురను మేనమామ యింట దింపిపోగా, ఆ మేనమామ, లోకమందలి బాతులలో మిక్కిలి ధనికుడును అంతకు మించిన పిసినారియునైన స్క్రూజ్ మెక్‌డక్, ఆ పసివాండ్రను వెంటబెట్టుకొని, ఒక బొమ్మ ఓడలో దాగిన జాడను బట్టి స్వర్ణాన్వేషణమునకు బయలుదేరును. ఐదు భాగములుగా సాగిన ఈ కథలో ఎడారి ఇసుకలో కూరుకుపోయిన ఓడయు, ఆండీస్ శిఖరములును, అంటార్కిటికా మంచును గడచి, తుదకు పసిడి కొండలు మెరయు లోయను చేరునప్పటికి, ఇంతదూరము నీడవలె వెంటాడిన ఎల్ కపితాన్ గుట్టు బయటపడును. అతడు నాలుగు శతాబ్దులకు పూర్వపు మనుష్యుడు. పసిడిపై ఆశయే ప్రాణమై అతనిని చావనీయక నిలిపినది. ఆ లోయలో స్క్రూజునకు సైతము బంగారు జ్వరము సోకి, పిల్లల మాట చెవికెక్కకపోవుటయు, కడకు ఆ స్వర్ణమంతయు కరిగి భూగర్భమున మునుగుటయు కథకు ముగింపు.

బాలల కొరకు కల్పించిన ఈ ముసలివాని వెనుక నిజమైన చరిత్ర యొకటి గలదు. 1539లో ఫ్రే మార్కోస్ అను క్రైస్తవ సన్న్యాసి మెక్సికోకు ఉత్తరమున సిబోలా యను పట్టణమును దూరమునుండి చూచితినని, అది మెక్సికో నగరముకంటె గొప్పదని చెప్పగా విని, మరుసటి యేడు ఫ్రాన్సిస్కో వాస్క్వెజ్ దె కొరొనాడో సుమారు 300 మంది స్పానిష్ సైనికులతోను, వేయిమందికి పైబడిన స్థానిక సహాయకులతోను దండు కదలించెను. జూలై నెలలో, సిబోలాయని తలచిన హావికూ పురమును చేరినప్పుడు వారి కంటబడినది, రాయియు మట్టియు పేర్చి అంతస్తులుగా కట్టుకొనిన జూనీ ప్రజల చిన్న యూరు మాత్రమే. బంగారు పూత కవచము తొడిగి కొరొనాడో మెరయుచుండెను గనుక, మిద్దెల మీదినుండి విసరిన రాళ్లు అతని నెత్తిన పడి, సేనాని స్పృహదప్పి కూలెను. బంగారము వెదుకబోయినవానిని బంగారమే పట్టియిచ్చినదని ఆనాటి జూనీలు నవ్వుకొనిరో లేదో గాని, మనము నవ్వుకొనవచ్చును.

ఆ దండునకు సరకులు తెచ్చుటకై హెర్నాండో దె అలర్కాన్ ఓడలతో కాలిఫోర్నియా అఖాతము చివరకు పోయి, అచటినుండి పడవలలో కొలరాడో నదిపై ఎగువకు సాగినను, కొరొనాడో జాడ తెలియక, ఒక చెట్టు మొదట ఉత్తరములు పాతిపెట్టి, చెట్టుమీద ఆ సంగతి చెక్కించి మరలిపోయెను. సరకులోడలు సైన్యమును ఎన్నడును కలిసికొననే లేదు. ఆ నదీప్రాంతముననే, సముద్రమట్టమునకు 70 మీటర్లకు పైగా దిగువనున్న సాల్టన్ పల్లములో, ముత్యముల మూటలతో స్పెయిన్ ఓడ యొకటి ఇసుకలో పూడియున్నదను వదంతి పుట్టినది. 1870 ప్రాంతమున పత్రికలు దానిని వ్రాయగా నమ్మి వెదుకబోయినవారును కలరు. ఎడారిలో ఓడ యనగా పిచ్చిమాటవలె తోచును గాని, కొలరాడో దారి మార్చుకొని ఆ పల్లమును మహాసరస్సుగా నింపుటయు, మరల అది ఎండిపోవుటయు పూర్వము పలుమారులు జరిగినదే. 1905లో కాలువ గట్టు తెగి, రెండేండ్లపాటు నది అందులోనికే ప్రవహించుటచేత నేటి సాల్టన్ సరస్సు ఏర్పడినది.

ఈ ఎడారికి చేరువనే కార్ల్ బార్క్స్ నివసించెను. 1942లో డిస్నీ చిత్రశాల కొలువు విడిచి, శాన్ హసింటో దాపున కోళ్లఫారము పెట్టుకొని, కోళ్లు పెంచుచు బాతుల కథలు గీసినవాడితడు. 1947లో స్క్రూజును సృష్టించినది ఇతడే. కథలపై డిస్నీ పేరే తప్ప తన పేరు అచ్చుగాని కారణమున, పాఠకులు ఇతనిని ‘మంచి బాతుల చిత్రకారుడు’ అని మాత్రమే అప్పట్లో ఎరిగియుండిరి. దేశాంతరములను ‘నేషనల్ జియోగ్రాఫిక్’ సంచికలలో చూచి గీసెనేగాని, అమెరికా దాటి తాను స్వయముగా పర్యటించినది 93వ యేట, 1994లో. 1954లో వెలువడిన ఇతని ‘సిబోలా సప్తనగరములు’ కథయందు బాణపు ములికులు ఏరుకొనబోయిన బాతులకు ఎడారిలో స్పానిష్ ఓడ యగపడును. పిమ్మట నగరము కనబడును. దొంగలు పచ్చల విగ్రహమును కదలింపగనే పెనుబండ దొర్లివచ్చి సర్వమును ధ్వంసము చేయును. కొరొనాడో మరణించినది 1554లో గనుక, సరిగా నన్నూరేండ్లకు ఈ కథ వచ్చినది. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. 1981 నాటి ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ చిత్రమున ఇండియానా జోన్స్‌ను తరిమిన బండకు మూలము ఈ కథయందే యున్నది.

ధారావాహిక రచయితలు బార్క్స్ కథలనేకము యథేచ్ఛగా వాడుకొనిరి. ఎడారి ఓడను మాత్రము కాలిఫోర్నియానుండి పెకలించి, ‘రాంగ్వే’ అను కల్పిత దక్షిణామెరికా దేశమున నాటిరి. 1990 దశకమున దూరదర్శన్ ఆదివారములలో హిందీ మాటలతో ఈ ధారావాహిక ప్రసారమైనప్పుడు, హిందీ సగము తెలిసియు సగము తెలియకయు మన యిండ్లలో పిల్లలు కన్నార్పక చూచిరి. బొమ్మలు అంత స్పష్టముగా కథ చెప్పుచుండ భాషతో వారికేమి పని?

ఇంత చక్కని కథయందును నాకొక కొరత తోచును. నిధి కథలలో స్వర్ణనగరము లెప్పుడును నిర్జనములు. గృహస్థులెవ్వరును లేని యింటిలో దొంగతనమున్ను సాహసమే యగును. హావికూ అట్టిది కాదు. ఆకలితో అలమటించిన స్పెయిన్ వారికి ఆనాడు అచట దొరికినది మొక్కజొన్న. పసిడికంటె దానికే వారు ఎక్కువ సంతసించిరి. స్పెయిన్ పాలనపై స్థానికులు చేసిన 1680 తిరుగుబాటు కాలమున ఆ యూరు పాడుపడగా, 1917 నుండి 1923 వరకు ఫ్రెడరిక్ హాడ్జ్ అచట త్రవ్వకములు జరిపి, మట్టిపాత్రలును, ఎముకలతో చేసిన పనిముట్లును వెలికితీసెను. జూనీలు నేటికిని ఆ సమీపముననే, న్యూమెక్సికో రాష్ట్రమున, తమ భాష మాటలాడుకొనుచు కాపురమున్నారు.