ప్రతినిధి మౌనము – దాయభాగవ్యాజ్యములలో వకీలు

సంగారెడ్డి జిల్లాలోని మొగుడంపల్లి 2016వ సంవత్సరమున మండలకేంద్రమైనది. ఈ గ్రామమునకు నెలవైన జహీరాబాదు సీమ 1956వ సంవత్సరమునకుఁ బూర్వము హైదరాబాదు రాజ్యమున బీదరు జిల్లాకుఁ జేరియుండెను. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున మెదకు జిల్లాలోఁ గలిసెను. బసవకల్యాణ మా బీదరు జిల్లాలోనిదే. చాళుక్యులకు రాజధానియైన యా పురమున, ఆఱవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126), విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్యను రచించెను. పుత్రునకు జన్మముచేతనే పైతృకద్రవ్యమున స్వత్వము కలుగునని యందు సిద్ధాంతము. తిక్కనకు సమకాలికుఁడును, ఆంధ్రభాషాభూషణకర్తయు నైన మూలఘటిక కేతన దీనినే విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెనిఁగించెను. కావున నీ సీమలోని యన్నదమ్ముల పంపకములకు శాస్త్రము దూరదేశమునుండి వచ్చినది కాదు.

అయినను స్వత్వము పుట్టుకతో వచ్చినంతమాత్రమునఁ జేతికి రాదు. వివాదము న్యాయస్థానమున కెక్కిన పిదప దానిని మఱియొకని నోటఁ జెప్పింపవలసియుండును. ఆ మఱియొకఁడు పలుకకున్న నేమి గతి? వాయిదా తెలుపఁడు, జాబునకు బదులు వ్రాయఁడు, పట్టాకాగితములు తిరిగి యీయఁడు. ఇట్టి మౌనమునకు బాధ్యుఁ డెవ్వఁడను ప్రశ్న నేఁటిది కాదు.

నారదస్మృతి యీ విషయమున రెండు నియమములను జెప్పినది. తండ్రియుఁ గాక, పుత్రుఁడును గాక, సోదరుఁడును గాక, నియోగింపఁబడినవాఁడును గాక పరునికొఱకు వాదించువాఁడు దండ్యుఁడనుట మొదటిది. నియుక్తుని వాదమువలనఁ గలుగు జయాపజయములు నియోగించినవానివే యనుట రెండవది. మొదటి నియమము కక్షిదారుని రక్షించుచున్నది. రెండవది వానికి భారమగుచున్నది. నియుక్తుఁడు చక్కఁగా వాదించిన ఫలము యజమానునిది. నిదురించిన నష్టమును యజమానునిదే. కాలనిర్ణయమున వివాదములుగల శుక్రనీతి నియోగి వేతనమును సొమ్ములో పదునాఱవవంతుగాను, సొమ్ము పెరిగినకొలఁది యంతకుఁ దక్కువగాను విధించి, యంతకు మించి గ్రహించువానిని దండింపుమనినది.

ప్రతినిధిశబ్దమును విచారించిన నీ సంబంధము మఱింత తేటపడును. పాణిని ప్రథమాధ్యాయ చతుర్థపాదమునఁ బ్రతిశబ్దమునకుఁ గర్మప్రవచనీయసంజ్ఞను విధించుచుఁ, బ్రతినిధి యనియుఁ బ్రతిదాన మనియు రెండర్థములను జెప్పెను. ముఖ్యునకు సదృశుఁడు ప్రతినిధి. గ్రహించినదానికి మాఱుగా నిచ్చుట ప్రతిదానము. వ్యాఖ్యాతలు మొదటిదానికి అర్జునునకు మాఱుగా నిలిచిన యభిమన్యుని, రెండవదానికి నువ్వులకు మాఱుగా మినుము లిచ్చుటను ఉదాహరించిరి. సూత్రకారుఁ డర్థభేదమునే చూపెనుగాని ధర్మమును బోధింపలేదు. అయినను వ్యవహారమున నీ రెండర్థములును విడరానివి. ఒకని స్థానమున నిలిచి వేతనము గొన్నవాఁడు వానికి మాఱుగా నేదియో యీయవలెను. తక్కువలోఁ దక్కువ సమాధానమైన నీయవలెను.

వకీలుశబ్దమునకును భావమిదియే. అప్పగించుట యను నర్థముగల యరబ్బీధాతువునుండి వకీలు, వకాలతు పదములు రెండును బుట్టినవి. 1793వ సంవత్సరపు శాసనముచేఁ గారన్‌వాలీసు బంగాళమున వకీళ్ల వృత్తిని నిబంధనలలోనికిఁ దెచ్చెను. నిజాము రాజ్యమున న్యాయస్థానముల భాష మొదటఁ బారసీకము, తరువాత నుర్దూ. తెలుఁగుగాని కన్నడముగాని మాటాడు జహీరాబాదు సీమ రైతునకుఁ దన దావాలోని మాటయే తెలియదు. అట్టివానికి వకీలు నోరు మాత్రమే కాదు, చెవియు నయ్యెను. వకీలు పలుకనినాఁడు వాఁడు మూఁగయుఁ జెవిటియు నగుచుండెను.

లోకమున మౌన మర్ధాంగీకారమందురు. న్యాయస్థానమున నది పూర్ణాంగీకారము కావచ్చును. 1908వ సంవత్సరపు సివిలు ప్రక్రియాస్మృతి ననుసరించి, ప్రతివాది స్పష్టముగా నిరాకరింపని యంశ మంగీకరింపఁబడినట్లే యెంచఁబడును. గైరుహాజరువలన దావా కొట్టివేయఁబడినను, ఏకపక్షపు డిక్రీ యైనను, దానిని రద్దుచేయఁగోరుటకు గడువు సామాన్యముగా 30 దినములు. వ్యాజ్యము నడుచుచుండఁగా నొక సోదరుఁడు మృతినొందిన వాని వారసులను 90 దినములలోఁ జేర్పవలెను. కక్షిదారుని మరణమును న్యాయస్థానమునకుఁ దెలుపుట వకీలు విధియని 1976వ సంవత్సరపు సవరణము చెప్పినది. విభాగవ్యాజ్యమునఁ బ్రాథమికపు డిక్రీ వాటాలను నిర్ణయించునుగాని హద్దులు వేయదు. అంతిమపు డిక్రీ రావలెను. ఈ రెంటి నడుమ వకీలు మౌనము వహించెనేని గెలిచినవాఁడును భూమి మొగము చూడఁడు. ఆంధ్రప్రదేశమున 1986వ సంవత్సరపు సవరణముచే నవివాహితలకును, 2005వ సంవత్సరపు కేంద్రసవరణముచేఁ గుమార్తెలందఱకును జన్మతః స్వత్వము లభించినది. అత్తవారింట నుండి వ్యాజ్యము నడుపుకొను నాఁడుబిడ్డకు వకీలు మాటయే యాధారము.

నారదుని రెండవ నియమమునకు సర్వోన్నతన్యాయస్థానము 1981వ సంవత్సరమున నొక మినహాయింపును గల్పించెను. రఫీఖు – మున్షీలాలు వ్యాజ్యమున న్యాయవాది రానందున నప్పీలు కొట్టివేయఁబడఁగా, వకీలును నియమించి రుసుము చెల్లించి తన పని తాను చేసిన గ్రామీణుఁడు పరుని దోషమునకు బలి కారాదని తీర్పు చెప్పి యప్పీలును బునరుద్ధరించెను; 200 రూపాయల ఖర్చును గైరుహాజరైన న్యాయవాదినుండియే రాఁబట్టుమనెను. కాని 1993వ సంవత్సరమున సలిల్ దత్తా వ్యాజ్యమున నా న్యాయస్థానమే, ఇది యందఱకు నన్నివేళలఁ జెల్లు నియమము కాదనియు, లోకజ్ఞానముగల కక్షిదారుఁడు నేరమంతయు వకీలుపై నెట్టి తప్పించుకొనరాదనియుఁ బలికెను. దీనివలన, వకీలు మౌనము కక్షిదారుని మౌనమునకు సాకు కాదని తేలుచున్నది.

కావునఁ గక్షిదారుఁడు చేయఁదగిన పనులు కొన్ని గలవు. వాయిదాల వివరము న్యాయస్థానపు దస్త్రములలో నుండును. దానిని స్వయముగాఁ దెలిసికొనవచ్చును. వకీలును లిఖితముగా, రసీదుగల తపాలాలో నడుగవలెను; తాను మెలఁకువతో నుంటినని పిదపఁ జూపుట కదియే సాక్ష్యము. అప్పటికిని బదులు లేకున్న, న్యాయస్థానపు ననుమతితో వకాలతును లిఖితముగా రద్దుచేసి వేఱొకని నియమింపవచ్చును. రుసుము బాకీ యున్నదను నెపమునఁ గాగితములను బట్టియుంచు హక్కు న్యాయవాదికి లేదని 2000వ సంవత్సరమున ఆర్. డి. సక్సేనా వ్యాజ్యమున నిర్ణయింపఁబడినది. దుష్ప్రవర్తనమునకు 1961వ సంవత్సరపు న్యాయవాదుల చట్టము 35వ సెక్షను ప్రకారము రాష్ట్ర బార్ కౌన్సిలునకు ఫిర్యాదు చేయవచ్చును. మందలింపు మొదలు పట్టికనుండి పేరు తొలఁగించుట వఱకు శిక్షలున్నవి. 2024వ సంవత్సరపు తీర్పుచే వినియోగదారుల ఫోరములకు న్యాయవాదులపై నధికారము లేకపోయినది. కాని యుపేక్షచేఁ గలిగిన నష్టమునకు బాధ్యత 1926వ సంవత్సరపు చట్టముననే చెప్పఁబడియున్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 1987వ సంవత్సరపు చట్టము ననుసరించి యుచితన్యాయసహాయము లభించును.

ఈ విధులన్నియుఁ గక్షిదారునకుఁ దెలిసియుండుట యరుదు. తెలిసినను, పెద్దమనుష్యుని కాగితము మూలమున నిలదీయుట యమర్యాదయని గ్రామములలోఁ బెక్కండ్రు జంకుదురు. ఆ జంకు పంపకమునకు వచ్చిన భూమికంటె విలువగలది కాదు. వకాలతునామాపై వ్రేలిముద్ర వేసినవాఁడు తన మాటను మాత్రమే యప్పగించుచున్నాఁడు, తన స్వత్వమును గాదు. జన్మముచేతనే స్వత్వము కలదని కల్యాణపురమునఁ జెప్పిన శాస్త్రమున కర్థము నిలువవలెనన్న, ఆ స్వత్వమును గూర్చి యడుగు నధికారమును గక్షిదారుఁ డెన్నఁడును బరునిచేతఁ బెట్టరాదు.