ఇనుప రథాలు, కీషోను వరద

 మట్టల ఆదివారం నాడు కావలిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చర్చీల ముంగిట పిల్లలు మట్టలు పట్టుకుని వరస కడతారు, హోసన్నా పాటలతో వీధులు తిరుగుతారు. ఈ పండగ వెనకున్న ప్రవచనం జెకర్యా గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. రాజు గాడిదపిల్ల మీద వస్తాడన్నది అందులోని మాట. ప్రసంగాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. నాకు మాత్రం ఆ తర్వాతి వచనం మీదే మక్కువ. ఆ రాజు వచ్చాక దేశంలో యుద్ధరథాలూ గుర్రాలూ మిగలవని ప్రవక్త చెబుతున్నాడు. గాడిద ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ రథాల దగ్గరే ఉంది.

రథమనగానే మనకు బ్రహ్మోత్సవాల తేరు కళ్లముందు నిలుస్తుంది. వందలమంది మోకులు పట్టి లాగితే తప్ప కదలని తేరు అది. హీబ్రూ గ్రంథంలోని రథం వేరు. రెండు చక్రాలు, రెండు గుర్రాలు, వంచిన కర్ర, బిగించిన తోలు. 1922లో టుటాంఖమున్ సమాధి తెరిచినప్పుడు అలాంటివి ఆరు బయటపడ్డాయి. మైదానంలో అవి దూసుకొస్తే కాలిబలం నిలవలేదు. క్రీ.పూ. 15వ శతాబ్దంలో మెగిద్దో దగ్గర కనాను రాజులను ఓడించిన ఫరో మూడో తుట్మోసు తనకు చిక్కిన రథాలు 924 అని కర్నాక్ గుడి గోడల మీద చెక్కించుకున్నాడు. రథాలున్నవాడు ఆ లెక్కను రాతి మీద రాయించుకునేవాడు. హీబ్రూ గ్రంథం రాసినవారు చాలాకాలం రథాలు లేని పక్షాన ఉన్నవారు. ఈ సంగతి మనసులో పెట్టుకుని చదివితే ఆ పుస్తకం తీరే మారిపోతుంది.

నిర్గమకాండంలో ఫరో ఏరి తెచ్చిన ఆరువందల రథాలు సముద్రం పాలయ్యాయి. మేరోము నీళ్ల దగ్గర గెలిచిన యెహోషువ, చేతికి చిక్కిన రథాలను వాడుకోలేదు, కాల్చేశాడు. గుర్రాల గుదికాలి నరాలు కోయించాడు. న్యాయాధిపతుల మొదటి అధ్యాయం ఓటమినీ దాచలేదు. యూదావారు కొండసీమ గెలుచుకున్నారు కానీ, లోయలో ఉన్నవాళ్లకు ఇనుప రథాలుండటంతో వాళ్లను కదిలించలేకపోయారని ఒప్పుకుంది. ఆ శతాబ్దాల గురించి శాసనాల్లో దొరికేది చాలా తక్కువ. కథే మనకు దిక్కు.

ఆ కథల్లో నేను ఎన్నిసార్లయినా చదివేది సీసెరాది. హాసోరులో ఏలిన యాబీను రాజుకు అతను సేనాని. అతని కింద తొమ్మిదివందల ఇనుప రథాలు. బండి మొత్తం ఇనుముది కాదనీ, ఇరుసులకో అంచులకో ఇనుము తొడిగి ఉంటారనీ పండితులు అంటారు. ఏదైతేనేం, ఆ రథాల బలంతో ఇరవై ఏళ్లు ఇశ్రాయేలును అణగదొక్కాడు. ఆ రోజుల్లో ప్రజల తగువులు తీర్చింది దెబోరా అనే ఆడమనిషి. రామాకూ బేతేలుకూ మధ్య ఒక ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని తీర్పు చెప్పేది. ఆమె బారాకును పిలిపించి, పదివేలమందితో తాబోరు కొండెక్కమంది. నువ్వు వస్తేనే వెళ్తానన్నాడు బారాకు. వస్తాను గానీ ఈ గెలుపు ఘనత నీకు దక్కదు, సీసెరా ఒక ఆడదాని చేతిలో పడతాడని ముందే చెప్పి కదిలింది.

కొండ మీద ఉన్నంతసేపూ రథాలు ఏమీ చేయలేవు. చిక్కల్లా దిగాకే. యిజ్రెయేలు లోయ బంకమట్టి నేల, నడుమ కీషోను. వానలు లేనప్పుడు సన్నగా పారే ఆ ఏరు వాన పడితే ఒక్కసారిగా పొంగుతుంది. న్యాయాధిపతుల నాలుగో అధ్యాయంలోని వచన కథనం వాన ఊసెత్తదు. దేవుడు రథాలను కలవరపరిచాడని మాత్రం అంటుంది. ఐదో అధ్యాయంలోని దెబోరా పాటలోనే మేఘాలు కురుస్తాయి, నక్షత్రాలు సీసెరా మీద పోరాడతాయి, కీషోను శత్రువులను కొట్టుకుపోతుంది. హీబ్రూ కవిత్వంలో మిక్కిలి పాతవాటిలో ఇదొకటని చాలామంది పండితుల అభిప్రాయం. కార్తెలో వాయుగుండం పట్టి, నల్లరేగట్లో బండి ఇరుసు దాకా దిగబడితే ఎద్దులు ఎంత గింజుకున్నా పట్టా కదలదని కావలి ప్రాంత రైతుకు వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిదివందల రథాల పనీ అంతే అయింది. ఇనుము తొడిగిన కొద్దీ ఇంకా లోతుకు దిగింది.

తర్వాత జరిగింది ఒక్క వాక్యంలో ఉంటుంది. సీసెరా రథం దిగి, కాలినడకన పారిపోయాడు. ఇరవై ఏళ్లు జనాన్ని రథం మీద నుంచి చూసినవాడు మొదటిసారి వాళ్లలాగే మట్టి తొక్కాడు. కెనీయుడైన హెబెరు భార్య యాయేలు గుడారంలో దూరి దాహమన్నాడు. ఆమె పాలిచ్చి, దుప్పటి కప్పి, నిద్రపట్టాక గుడారపు మేకు అతని కణతలో దిగగొట్టింది. సంచార కుటుంబాల్లో గుడారం వేయడం ఆడవాళ్ల పనేనంటారు. మేకూ సుత్తీ ఆమె చేతికి రోజూ అలవాటైనవే.

దెబోరా పాట యాయేలు దగ్గరే ఆగి ఉంటే మామూలు విజయగీతమే. ఆఖరున అది శత్రువు ఇంట్లోకి వెళుతుంది. సీసెరా తల్లి కిటికీ దగ్గర నిలబడి, కొడుకు రథం ఇంకా రాలేదేమిటని, చక్రాల చప్పుడు కోసం ఎదురుచూస్తుంటుంది. పక్కనున్న తెలివైన స్త్రీలు ఊరడిస్తారు, దోపుడు సొమ్ము పంచుకుంటున్నారు కాబోలని. ఆ పంపకంలో తలా ఒకరిద్దరు అమ్మాయిలు కూడా ఉంటారని ఆ ఆడవాళ్లే అనుకుంటారు. ఆ తల్లి మీద జాలి కలుగుతుంది, ఆమె కొడుకు ఏం చేస్తూ బతికాడో మరో మారు తెలిసొస్తుంది. ఈ రెండింటినీ ఇంత దగ్గరగా నిలిపిన పాట మరొకటి నాకు ఎదురుపడలేదు.

తర్వాత రాజులొచ్చారు. రాజు కావాలని జనం అడిగితే, మీ కొడుకులను తన రథాల ముందు పరుగెత్తిస్తాడని సమూయేలు హెచ్చరించాడు. సొలొమోను 1,400 రథాలు సమకూర్చాడు. ఐగుప్తు రథం వెల ఆరువందల తులాల వెండి, గుర్రానికి నూటయాభై. అహాబుకు రెండువేల రథాలున్నాయని అష్షూరు రాజు మూడో షల్మనేసెరు శాసనం చెబుతోంది. అది క్రీ.పూ. 853 నాటి కర్కర్ యుద్ధం లెక్క. ఆ అహాబు ఒంట్లో బాణం దిగి, రథంలోనే రక్తం కారి పోయాడు. ప్రవక్తల దారి వేరు. ఏలీయా పరలోకానికి వెళ్లినప్పుడు అగ్నిరథం వచ్చింది. దోతానులో సిరియా సైన్యం చుట్టుముట్టినప్పుడు ఎలీషా పనివాడికి కొండనిండా అగ్నిరథాలు కనిపించాయి. కొనే పని లేని, మేత అడగని రథాలవి. యెహెజ్కేలుకు చక్రాల్లో చక్రాలున్న సింహాసనం కనిపించింది యెరూషలేములో కాదు, బబులోనులో కెబారు ఒడ్డున, చెరపట్టిన జనం మధ్య. ఆ కెబారు ఒక కాలువ అని పండితులంటారు.

కాలువ అనగానే మన తీరం గుర్తొస్తోంది. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత కావలిలో అదే మిషన్ ఎరుకల కుటుంబాల కోసం సెటిల్మెంట్ నడిపింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద హాజరు వేయించుకుంటూ బతికిన మనుషులు వాళ్లు. దేవుడి తేరు పెద్ద వీధుల్లో తిరిగి, తమ గూడెం వైపు రాకుండానే తిరిగిపోవడం చూసినవాళ్లకు సీసెరా కథ దూరదేశపు కథగా వినిపించి ఉండదని నా నమ్మకం.

ఇక మన కాలానికి వచ్చేసరికి రథం ఎవరిదో చెప్పడం కష్టమైంది. 1982లో ఎన్టీ రామారావు పాత చెవర్లే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్చి ఊరూరా తిరిగితే, జనం దాని కోసం అర్ధరాత్రి దాకా రోడ్ల మీద కాచుకున్నారు. తెలుగునాట ఆ తర్వాత ఎన్నికలొస్తే ప్రచార రథాలు రావడం మామూలైంది. అటు ఇజ్రాయెల్ 1979 నుంచి వాడుతున్న యుద్ధట్యాంకు పేరు మెర్కావా, అంటే రథమే. 2025 మే నెలలో గాజాలో మొదలుపెట్టిన దాడికి ఆ దేశ సైన్యం గిద్యోను రథాలని పేరు పెట్టింది. న్యాయాధిపతుల ఏడో అధ్యాయంలో గిద్యోను దగ్గర ముప్పైరెండువేలమంది చేరితే, ఇంతమంది వద్దని దేవుడు వడపోయించి మూడువందలమందినే మిగిల్చాడు. వాళ్ల చేతుల్లో ఉన్నవి బూరలు, ఖాళీ కుండలు, వాటిలో దివిటీలు. గిద్యోనుకు రథం ఒక్కటీ లేదు.