అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వైద్య సేవల అందుబాటు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వైద్య సేవల అందుబాటు ఆ దేశంలో దశాబ్దాలుగా చర్చలో ఉన్న సామాజిక, ఆర్థిక సమస్య. అధునాతనమైన ఆసుపత్రులు, పరిశోధనాలయాలు, నిపుణులైన వైద్యులు ఉన్నప్పటికీ, ఆ సేవలను భరించగలిగే ఖర్చుతో పొందడం అక్కడి ప్రజలలో చాలామందికి కష్టంగా ఉన్నది. 2023లో ఆ దేశం ఆరోగ్యంపై చేసిన ఖర్చు సుమారు 4.9 లక్షల కోట్ల డాలర్లు. ఇది స్థూల దేశీయోత్పత్తిలో 17.6 శాతం. తలసరి లెక్కన 14,570 డాలర్లు. అదే సంవత్సరంలో సుమారు 2.6 కోట్ల మందికి ఏ విధమైన ఆరోగ్య బీమా లేదు. ఆ ఏడాది సగటు ఆయుర్దాయం 78.4 సంవత్సరాలు. ఇంతకంటే చాలా తక్కువ ఖర్చు చేసే జపాన్, ఫ్రాన్స్ వంటి దేశాలలో ఆయుర్దాయం ఇంతకంటే ఎక్కువ.

చరిత్ర

బీమా పుట్టుక

అమెరికాలో నేటి ఆరోగ్య బీమాకు మూలం 1929లో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ నగరంలో కనిపిస్తుంది. అక్కడి బేలర్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి స్థానిక పాఠశాల ఉపాధ్యాయులకు ఒక పథకం ప్రవేశపెట్టినది. నెలకు 50 సెంట్లు చెల్లించిన ఉపాధ్యాయునికి ఏడాదిలో 21 రోజుల వరకు ఆసుపత్రిలో చికిత్స లభించేది. ఈ పథకాన్ని రూపొందించిన జస్టిన్ ఫోర్డ్ కింబల్ అంతకు ముందు డాలస్ పాఠశాలల పర్యవేక్షకుడు. ఇదే తరువాత 'బ్లూ క్రాస్' సంస్థలకు నాంది అయినది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, ప్రభుత్వం జీతాల పెంపుపై నియంత్రణ విధించినది. పనివారిని ఆకర్షించటానికి జీతం పెంచే వీలు లేక, యజమానులు ఆరోగ్య బీమాను అదనపు సౌకర్యంగా ఇవ్వసాగారు. యజమాని చెల్లించే బీమా సొమ్ముపై ఉద్యోగికి ఆదాయపు పన్ను లేదని 1954 నాటి చట్టం స్పష్టం చేసినది. ఈ రెండు కారణాల వలన ఉద్యోగానికీ బీమాకూ విడదీయరాని ముడి పడినది. ఉద్యోగం పోతే బీమా కూడా పోవడం అనే ఇబ్బందికి మూలం ఇదే.

ప్రభుత్వ పథకాలు

1945 నవంబరులో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమాను ప్రతిపాదించాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తీవ్రంగా వ్యతిరేకించడంతో అది చట్టం కాలేదు. ఇరవై సంవత్సరాల తరువాత, 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో, ట్రూమన్ సమక్షంలో, మెడికేర్ మరియు మెడికెయిడ్ చట్టంపై సంతకం చేశాడు. మొదటి మెడికేర్ కార్డును ట్రూమన్‌కే ఇచ్చారు. 1972లో మెడికేర్‌ను దీర్ఘకాల వైకల్యం ఉన్నవారికి, మూత్రపిండాలు పూర్తిగా విఫలమైన రోగులకు కూడా విస్తరించారు. 1997లో పేద కుటుంబాల పిల్లల కోసం ప్రత్యేక బీమా పథకం ఏర్పడినది.

అఫర్డబుల్ కేర్ చట్టం

2010 మార్చి 23న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన ఈ చట్టాన్ని వాడుకలో 'ఒబామాకేర్' అంటారు. దీని ముఖ్యాంశాలు:

* 2014 నుండి, ముందే ఉన్న జబ్బును కారణంగా చూపి బీమా నిరాకరించడం లేదా ఎక్కువ ప్రీమియం వసూలు చేయడం నిషేధం.
* 26 సంవత్సరాలు నిండే వరకు పిల్లలు తల్లిదండ్రుల బీమాలో కొనసాగవచ్చు.
* ఉద్యోగం ద్వారా బీమా లేనివారు తమంతట తాము బీమా కొనుక్కోవడానికి ప్రత్యేక విపణి ఏర్పాటు, ఆదాయాన్ని బట్టి ప్రీమియంపై రాయితీ.
* దారిద్ర్యరేఖకు 138 శాతం వరకు ఆదాయం గల పెద్దలందరికీ మెడికెయిడ్ విస్తరణ.

చివరి అంశాన్ని రాష్ట్రాలపై బలవంతంగా రుద్దరాదని సుప్రీం కోర్టు 2012లో తీర్పు చెప్పినది. 2025 నాటికి 40 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ ఈ విస్తరణను స్వీకరించగా టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా తదితర 10 రాష్ట్రాలు స్వీకరించలేదు. విపణిలో రాయితీ దారిద్ర్యరేఖ స్థాయి ఆదాయం నుండి మాత్రమే మొదలవుతుంది. ఫలితంగా ఈ రాష్ట్రాలలో చాలావాటిలో ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడినది. కొంత ఆదాయం ఉన్నవారికి రాయితీ ఉన్నది. అంతకంటే పేదవారికి రాయితీ లేదు, మెడికెయిడూ లేదు. పది లక్షలకు పైగా పెద్దలు ఈ సందులో చిక్కుకుని ఉన్నారు.

బీమా వ్యవస్థ

అమెరికాలో ఒకే వైద్య వ్యవస్థ లేదు. వయసు, ఆదాయం, ఉద్యోగం, నివసించే రాష్ట్రం అనే నాలుగు అంశాలపై ఒక వ్యక్తికి ఏ బీమా లభిస్తుందన్నది ఆధారపడి ఉంటుంది.

* ఉద్యోగ బీమా: జనాభాలో సుమారు సగం మందికి ఇదే ఆధారం. 50 మంది లేదా అంతకు మించి పూర్తికాలపు ఉద్యోగులున్న సంస్థలు బీమా ఇవ్వకపోతే జరిమానా చెల్లించవలసి రావచ్చు. చిన్న సంస్థలకు ఆ నియమం లేదు. 2024లో ఒక కుటుంబానికి సగటు వార్షిక ప్రీమియం 25,572 డాలర్లు. ఇందులో ఉద్యోగి వాటా సగటున 6,296 డాలర్లు.
* మెడికేర్: 65 సంవత్సరాలు నిండినవారికి, కొందరు వికలాంగులకు. వైకల్య భృతి మొదలైన తరువాత సాధారణంగా 24 నెలలు వేచి ఉండాలి. మూల పథకంలో వైద్యుని ఖర్చులో 20 శాతం రోగిదే. పళ్ళ చికిత్సలో అధిక భాగం, కళ్ళజోళ్ళు, వినికిడి యంత్రాలు, వృద్ధాశ్రమంలో దీర్ఘకాల సంరక్షణ దీని పరిధిలోకి రావు.
* మెడికెయిడ్: పేదలకు. ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పంచుకుంటాయి. నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. వైద్యులకు లభించే రుసుము తక్కువ కావడం వలన ఈ రోగులను చేర్చుకోని వైద్యులు చాలామంది ఉన్నారు.
* సైనిక విరామదారుల ఆసుపత్రులు, ఆదివాసుల ఆరోగ్య సేవ: ఇవి ప్రభుత్వమే నేరుగా నడిపే వ్యవస్థలు.

బీమా పరిభాష

బీమా ఉన్నంత మాత్రాన ఖర్చు లేదని అర్థం కాదు. రోగి చెల్లించవలసిన భాగాన్ని తెలుసుకోవడానికి కొన్ని పదాలు అవసరం.

* ప్రీమియం: జబ్బు వచ్చినా రాకపోయినా నెలనెలా కట్టే సొమ్ము.
* డిడక్టబుల్: బీమా సంస్థ చెల్లించడం మొదలుపెట్టే ముందు రోగి సంవత్సరంలో స్వయంగా భరించవలసిన మొత్తం.
* కోపే: వైద్యుని చూసిన ప్రతిసారీ, మందు కొన్న ప్రతిసారీ ఇచ్చే నిర్ణీత రుసుము.
* కోఇన్సూరెన్స్: డిడక్టబుల్ పూర్తయిన తరువాత బిల్లులో రోగి భరించే శాతం.
* గరిష్ఠ పరిమితి: సంవత్సరంలో రోగి చెల్లించే మొత్తానికి పై హద్దు. 2025లో విపణి పథకాలకు చట్టం అనుమతించిన అత్యధిక హద్దు వ్యక్తికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400 డాలర్లు. ప్రీమియం ఇందులో కలవదు.
* నెట్‌వర్క్: బీమా సంస్థతో ఒప్పందం ఉన్న వైద్యులు, ఆసుపత్రుల సముదాయం. దీనికి వెలుపల వైద్యం చేయించుకుంటే ఖర్చు ఎక్కువ. కొన్ని పథకాలు అసలు చెల్లించవు.
* ముందస్తు అనుమతి: ఖరీదైన పరీక్ష, మందు లేదా శస్త్రచికిత్సకు ముందు బీమా సంస్థ నుండి పొందవలసిన ఆమోదం.

ఉదాహరణకు, ఒక పథకంలో డిడక్టబుల్ 2,000 డాలర్లు, కోఇన్సూరెన్స్ 20 శాతం, గరిష్ఠ పరిమితి 8,000 డాలర్లు అనుకుందాం. శస్త్రచికిత్సకు 30,000 డాలర్ల బిల్లు వస్తే, రోగి మొదట 2,000, మిగిలిన 28,000లో 20 శాతం అనగా 5,600, మొత్తం 7,600 డాలర్లు చెల్లించాలి. బిల్లు 50,000 అయితే ఇదే లెక్క 11,600కు చేరుతుంది. కానీ పరిమితి వలన 8,000 వద్ద ఆగిపోతుంది. జనవరిలో కొత్త బీమా సంవత్సరం మొదలైతే లెక్క మళ్ళీ సున్నా నుండి ప్రారంభమవుతుంది. డిసెంబరులో మొదలై ఫిబ్రవరి వరకు సాగిన చికిత్సకు రెండు సంవత్సరాల డిడక్టబుల్ కట్టవలసి రావడం ఇందువల్లనే.

అధిక ధరలకు కారణాలు

అమెరికన్లు ఇతర సంపన్న దేశాల ప్రజలకంటే ఎక్కువసార్లు వైద్యుని వద్దకు వెళ్ళరు. ఖర్చు ఎక్కువ కావడానికి ప్రధాన కారణం ప్రతి సేవకూ ధర ఎక్కువ కావడమే. ధరలను నిర్ణయించే జాతీయ వ్యవస్థ లేదు. ప్రతి బీమా సంస్థ ప్రతి ఆసుపత్రితో విడిగా బేరమాడుతుంది. ఒకే నగరంలో ఒకే పరీక్షకు ఒకచోట ఉన్న ధర మరొకచోట అనేక రెట్లు ఉండవచ్చు. బేరమాడే సంస్థ అండ లేని, బీమా లేని రోగికి తరచుగా అత్యధిక ధరే పడుతుంది. ఆసుపత్రులు తమ ధరలను బహిరంగంగా ప్రకటించాలనే నియమం 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది.

అనేక బీమా సంస్థలు, వేర్వేరు నిబంధనలు ఉండటం వలన బిల్లుల తయారీకే ఆసుపత్రులు పెద్ద సంఖ్యలో సిబ్బందిని నియమించుకోవలసి వస్తున్నది. ఈ పరిపాలనా వ్యయం కూడా చివరకు రోగిపైనే పడుతుంది.

మందుల ధరలకు ఇన్సులిన్ ప్రసిద్ధమైన ఉదాహరణ. దానిని కనుగొన్న బాంటింగ్ బృందం 1923లో పేటెంటు హక్కును టొరంటో విశ్వవిద్యాలయానికి నామమాత్రంగా ఒక్కొక్కరు ఒక డాలరుకు ఇచ్చివేసినది. అయినా తరువాతి కాలంలో అమెరికాలో దాని ధర విపరీతంగా పెరిగి, కొందరు మధుమేహ రోగులు మోతాదు తగ్గించుకుని వాడే పరిస్థితి వచ్చినది. మోతాదు చాలని కారణంగా ప్రాణాలు పోయిన సంఘటనలు దేశవ్యాప్తంగా చర్చకు దారితీశాయి. 2023 నుండి మెడికేర్ రోగులకు నెలకు 35 డాలర్ల పరిమితి అమలవుతున్నది. అదే ఏడాది ప్రధాన తయారీదారులు కూడా ధరల తగ్గింపు ప్రకటించారు.

ప్రజలపై ప్రభావం

ఖర్చుకు వెరచి వైద్యాన్ని వాయిదా వేయడం వలన కలిగే నష్టం పెద్దది. రక్తపోటు, మధుమేహం వంటివి తొలిదశలో తక్కువ ఖర్చుతో అదుపులో ఉంటాయి. చికిత్స లేక ముదిరితే పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం వంటి స్థితికి చేరి రోగికీ, సమాజానికీ అనేక రెట్ల భారం అవుతాయి.

వైద్యపు అప్పు ఈ దేశపు ప్రత్యేక సమస్యలలో ఒకటి. సుమారు 2 కోట్ల మంది పెద్దలు వైద్యపు అప్పులలో ఉన్నారని, ఆ మొత్తం కనీసం 22,000 కోట్ల డాలర్లని ఆరోగ్య విధానాలను అధ్యయనం చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ 2024లో అంచనా వేసినది. చెల్లించని బిల్లు వసూలు సంస్థల చేతికి వెళితే, అద్దె ఇల్లు, వాహన రుణం దొరకడం కూడా కష్టమవుతుంది. 500 డాలర్ల లోపు వైద్య బాకీలను పరపతి నివేదికల నుండి 2023లో తొలగించారు. మిగిలిన వాటిని కూడా తొలగించాలని 2025 జనవరిలో చేసిన నియమాన్ని అదే ఏడాది జూలైలో కేంద్ర న్యాయస్థానం కొట్టివేసినది.

గ్రామీణ ప్రాంతాలలో సమస్య మరొక రూపంలో ఉన్నది. 2010 తరువాత వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడటమో, రోగులను చేర్చుకోవడం మానివేయడమో జరిగినది. అటువంటి చోట బీమా ఉన్న గర్భిణికి కూడా ప్రసూతి ఆసుపత్రి చాలా దూరం అవుతున్నది.

బీమా లేనివారికి ఉన్న మార్గాలు

* అత్యవసర చికిత్స: 1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్ సొమ్ము స్వీకరించే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన ఎవరినైనా పరీక్షించి, ప్రాణాపాయ స్థితి నుండి కుదుటపరచాలి. డబ్బు లేదని పంపివేయరాదు. అయితే బిల్లు తరువాత వస్తుంది. కేన్సర్ మందులు, డయాలిసిస్ వంటి నిరంతర చికిత్సకు ఈ చట్టం హామీ ఇవ్వదు.
* సామాజిక ఆరోగ్య కేంద్రాలు: కేంద్ర ప్రభుత్వ సహాయంతో నడిచే ఈ సంస్థలు సుమారు 1,400. ఆదాయాన్ని బట్టి రుసుము తీసుకుంటాయి. ఏటా 3 కోట్లకు పైగా రోగులు వీటికి వస్తారు. జాక్ గీగర్, కౌంట్ గిబ్సన్ అనే వైద్యులు 1965లో బోస్టన్‌లో మొదటి కేంద్రాన్ని, ఆ తరువాత మిసిసిపీలోని మౌండ్ బేయూలో మరొకటి స్థాపించారు. మౌండ్ బేయూలో పోషకాహారం లేని పిల్లలకు గీగర్ మందుల చీటీపై ఆహారం రాసి ఇప్పించి, ఖర్చును కేంద్రపు మందుల ఖాతాలో చూపించాడు.
* ఆసుపత్రుల ధర్మ సహాయం: పన్ను మినహాయింపు పొందే లాభాపేక్ష లేని ఆసుపత్రులకు ఆర్థిక సహాయ విధానం లిఖితపూర్వకంగా ఉండాలని 2010 చట్టం నిర్దేశించినది. రోగి దరఖాస్తు చేసుకుంటే బిల్లు తగ్గవచ్చు, పూర్తిగా రద్దు కావచ్చు. ఈ అవకాశం ఉన్నదని తెలియక పూర్తి బిల్లు కట్టేవారు ఉన్నారు.
* ఉచిత శిబిరాలు: స్టాన్ బ్రాక్ 1985లో స్థాపించిన రిమోట్ ఏరియా మెడికల్ సంస్థను మొదట మారుమూల విదేశీ ప్రాంతాల కోసం ఉద్దేశించారు. కాలక్రమంలో దాని శిబిరాలు అధికంగా అమెరికాలోనే జరగసాగాయి. పళ్ళు, కళ్ళ చికిత్సకోసం రోగులు ముందురోజు రాత్రే వచ్చి వాహనాలలో వేచి ఉంటారు.

ప్రవాస తెలుగువారు

అమెరికాలోని తెలుగువారిలో చాలామందికి ఉద్యోగం ద్వారానే బీమా లభిస్తుంది. హెచ్-1బి వీసాపై పనిచేసేవారికి ఉద్యోగం పోతే బీమాతో పాటు దేశంలో ఉండే గడువు కూడా చిక్కులో పడుతుంది. 20 మందికి తగ్గని ఉద్యోగులున్న సంస్థలో పనిచేసినవారు 'కోబ్రా' అనే చట్టం కింద సాధారణంగా 18 నెలల వరకు పాత బీమాను కొనసాగించుకోవచ్చు. కానీ యజమాని వాటాతో సహా మొత్తం ప్రీమియం, దానిపై 2 శాతం వరకు రుసుము స్వయంగా కట్టాలి.

పిల్లలను చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులకు ప్రభుత్వ పథకాలు వర్తించవు. వారు సందర్శకుల బీమా తీసుకుంటారు. ఈ పాలసీలలో అధిక భాగం ముందే ఉన్న జబ్బులకు చెల్లించవు, లేదా ఆకస్మికంగా తీవ్రమైనప్పుడు మాత్రమే, కొంత పరిమితి వరకు చెల్లిస్తాయి. గుండె జబ్బు, మధుమేహం ఉన్న పెద్దలకు ఈ నిబంధన ముఖ్యమైనది. అమెరికాలో మందుల చీటీ లేనిదే చాలా మందులు దొరకవు కనుక, అవసరమైన మందులను చీటీతో సహా వెంట తీసుకుపోవడం వాడుక.

గ్రీన్ కార్డుపై స్థిరపడిన తల్లిదండ్రులు మెడికెయిడ్‌కు సాధారణంగా ఐదేళ్ళు ఆగాలి. 65 ఏళ్ళు నిండి, ఐదేళ్ళు నివసించిన తరువాత ప్రీమియం చెల్లించి మెడికేర్‌లో చేరవచ్చు. భార్యాభర్తలలో ఒకరి ఉద్యోగ కాలం మరొకరికి మెడికేర్ అర్హత కలిగించవచ్చు గానీ, పిల్లల ఉద్యోగ కాలం తల్లిదండ్రులకు కలిగించదు.

సంస్కరణలు, వాదోపవాదాలు

తెలియకుండానే నెట్‌వర్క్ వెలుపలి వైద్యుని నుండి వచ్చే ఆకస్మిక బిల్లులను నిషేధించే చట్టం 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. అయితే రోడ్డు మార్గపు అంబులెన్సులు దీని పరిధిలో లేవు. 2022 నాటి మరొక చట్టం మందుల ధరలపై బేరమాడే అధికారాన్ని మెడికేర్‌కు ఇచ్చినది. ఆ విధంగా ఖరారైన మొదటి 10 మందుల ధరలు 2026 జనవరి నుండి వర్తిస్తున్నాయి.

2021లో విపణి బీమాకు పెంచిన అదనపు రాయితీలు 2025 చివరితో ముగిశాయి. 2025 జూలై 4న ఆమోదం పొందిన చట్టం మెడికెయిడ్ పొందే పెద్దలలో అనేకులకు పని నిబంధన విధించి, వలసదారుల అర్హతను కఠినతరం చేసినది. దీని వలన 2034 నాటికి బీమా లేనివారి సంఖ్య సుమారు కోటి పెరుగుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసినది.

ప్రభుత్వమే అందరికీ బీమా కల్పించాలని ఒక వర్గం వాదిస్తున్నది. దానివలన పన్నులు, నిరీక్షణ కాలం పెరుగుతాయని, పోటీ ద్వారానే ధరలు తగ్గుతాయని మరొక వర్గం వాదన. ప్రస్తుత వ్యవస్థలో ఖర్చు అధికమన్న విషయంలో మాత్రం ఇరు వర్గాలకూ భేదాభిప్రాయం లేదు.

ఇవి కూడా చూడండి

* ఆరోగ్య బీమా
* మెడికేర్
* ఇన్సులిన్
* అమెరికా సంయుక్త రాష్ట్రాలు
* ప్రవాస భారతీయులు