కార్డు మీద ఎవరి పేరు?

మా పిన్ని ట్రంకుపెట్టెలో ఒక చిన్న అట్టపెట్టె ఉంది. వంద విజిటింగ్ కార్డులు పట్టే పెట్టె. అందులో ఇంకా నలభై దాకా మిగిలి ఉన్నాయి. 2011లో నెల్లూరులో అచ్చు వేయించుకున్న కార్డులవి. గులాబీరంగు అంచు, మధ్యలో పిన్ని పేరు, దానికి ఆనుకుని బాబాయి పేరు, కింద ‘ఇండిపెండెంట్ కన్సల్టెంట్’ అన్న హోదా, ఇంకా కింద బాబాయి సెల్ నెంబరు. అంతా ఇంగ్లీషులోనే.

పిన్నిది ఆత్మకూరు. ఆ రోజుల్లో ఆమె ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ సబ్బులు, క్రీములు, బలం పొడులు అమ్మేది. అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ కాదది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ‘కంపెనీ కార్డులిచ్చిందా?’ అని అడిగితే నవ్వింది. ‘వాళ్లెందుకిస్తారు, నా డబ్బులే’ అంది.

2013లో నేను పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు నెల్లూరులో ఒక సాహిత్య సదస్సులో పేపరు చదివాను. పిన్ని ముచ్చటపడి నాతో వచ్చింది. భోజనాల వేళ చూద్దును కదా, పళ్లెం ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో అధ్యాపకులకీ రచయిత్రులకీ కార్డులు పంచుతోంది. నాకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. పక్కకి తీసుకెళ్లి, ‘పిన్నీ, ఇక్కడ ఇవన్నీ వద్దు’ అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, ‘ఏం మే, పొద్దున నువ్వు ఆ మేడమ్‌కి ఇయ్యలా?’ అంది.

ఇచ్చాను. సదస్సు కోసమని నేనూ యాభై కార్డులు వేయించుకున్నాను. ఆ పొద్దున ఒకటి ఒక సీనియర్ ప్రొఫెసర్ చేతిలో పెట్టాను. ఎప్పుడైనా ఏదైనా ఇంటర్వ్యూలో నా పేరు గుర్తుకొస్తుందేమోనని. పిన్ని చేసిందీ అదే. మరి ఆమె కార్డు నాకెందుకు సిగ్గనిపించింది? ఇన్నేళ్లుగా నన్ను వదలని ఆ ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది. ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది 1986లో. ఆడవాళ్ల నోటిమాట కూడా చరిత్రకు ఆధారమేనని మనం అప్పుడే నేర్చుకున్నాం. అయితే ఆడవాళ్ల చేతుల్లోని ఇలాంటి చిన్న కాగితాల వైపు ఇంకా పెద్దగా చూడలేదు.

ఈ కార్డు పుట్టింది వ్యాపారం కోసం కాదు. యూరప్‌లో పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల పెద్దింటివాళ్లు ఒకరింటికి ఒకరు వెళ్లినప్పుడు నౌకరు చేతికిచ్చి లోపలికి పంపే కార్డు అది. ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ కార్డు మీద ‘మిసెస్’ తర్వాత ఉండేది భర్త పేరే. ఆమె సొంత పేరు కాదు. తెల్లదొరలతోపాటు ఆ మర్యాదలన్నీ మన దేశానికీ వచ్చాయి. దొరల బంగళాల గేటు దగ్గర కార్డులు వేయడానికి రేకు డబ్బాలు వేలాడేవి. వాటి మీద రాసిందీ ‘ఫలానా మిసెస్’ అనే. అంటే స్త్రీ ఒక గడప నుంచి ఇంకో గడపకి తన పేరుతో వెళ్లే వీలు ఆ కార్డులోనే లేదన్నమాట.

ఆడవాళ్ల చేతికి వ్యాపార పరిచయం ఒక పనిగా వచ్చిన చరిత్ర వేరు. 1886లో అమెరికాలో డేవిడ్ మెకానెల్ అనే పుస్తకాల ఏజెంటు అత్తర్ల వ్యాపారం మొదలుపెట్టాడు. తర్వాత ఏవన్‌గా పేరు మారిన కంపెనీ అదే. దాని తొలి ప్రతినిధి న్యూ హాంప్‌షైర్‌లోని వించెస్టర్ ఊరి స్త్రీ, పి.ఎఫ్.ఇ. అల్బీ. ఆమె సరుకు అమ్మడంతో ఆగలేదు. అమ్మే ఆడవాళ్లను కూడా వెతికి తెచ్చింది. అమెరికాలో దేశమంతటా స్త్రీలకు ఓటుహక్కు దక్కింది 1920లో. అంతకు మూడు దశాబ్దాల ముందే వాళ్లు ఊళ్లు తిరిగి తమ చేతిమీద డబ్బు సంపాదించారు. దాన్ని తక్కువగా చూడలేం.

అదే దారిలో ఇంకొంచెం ముందుకు పోతే బ్రౌనీ వైజ్ కనిపిస్తుంది. దుకాణాల్లో సరిగా అమ్ముడుపోని టప్పర్‌వేర్ డబ్బాలను ఇళ్లల్లో పేరంటాల్లాంటి పార్టీలు పెట్టి అమ్మించిన మనిషి. 1951లో కంపెనీ అమ్మకాలన్నీ ఆమెకి అప్పగించారు. ఫ్లారిడాలో అమ్మకందార్లకు ఏటేటా తిరనాళ్లలాంటి సమ్మేళనాలు జరిపించింది. 1954లో ‘బిజినెస్ వీక్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన తొలి స్త్రీ ఆమే. 1958 జనవరిలో యజమాని ఆమెను తీసేశాడు. చేతికొచ్చింది ఒక ఏడాది జీతం. కంపెనీలో ఒక్క వాటా కూడా ఆమె పేరున లేదు. ముఖచిత్రం మీద ముఖం, సమ్మేళనం వేదిక మీద పేరు ఉన్నాయి. యాజమాన్యపు కాగితాల మీద మాత్రం ఏమీ లేదు. మా పిన్ని కార్డుకీ, ఆ ముఖచిత్రానికీ ఇక్కడే చుట్టరికం కలుస్తుందనిపిస్తుంది నాకు.

ఇక మన మెట్ట సంగతి. నెల్లూరు అనగానే అందరూ పచ్చటి వరిపొలాలే తలుచుకుంటారు. ఉదయగిరి వైపు వెళ్తే వానకోసం ఆకాశం వంక చూసే నేల. ఈ నేల మీద ఆడవాళ్లు ఒక అల్లిక అల్లుకున్నారు. దానికి ఏ కార్డూ అక్కర్లేకపోయింది. 1990–91లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో ‘సీతమ్మ కథ’ పాఠం చదువుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. 1992లో ఊరూరా సారా వేలంపాటలకు అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. మద్యం తిరిగొచ్చింది గానీ ఆడవాళ్లు కలిసి కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. రోజుకొక రూపాయి చొప్పున దాచుకునే ‘పొదుపులక్ష్మి’ గుంపులు ఆ ఉద్యమం వెంటే పుట్టాయి. కొత్తగా నేర్చుకున్న సంతకాలు ముందుగా పడిన చోట్లలో ఆ గుంపుల పుస్తకం ఒకటి.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే, ఆర్థిక సంస్కరణల తర్వాత, డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలు మన దేశంలోకి దిగాయి. 1995లో ఓరిఫ్లేమ్, 1996లో టప్పర్‌వేర్, మోదీకేర్, 1998లో ఆమ్వే. వాటిని చూసి పుట్టిన చిన్నాచితకా కంపెనీలకు లెక్కలేదు. ఇంటింటికీ తెలిసిన ఆడమనిషి, ఆమె మాట మీద నమ్మకం, నెలనెలా కలిసే గుంపు, చేతిలో కొంచెం పొదుపు. ఈ వ్యాపారానికి కావలసినవన్నీ మెట్ట ఊళ్లలో తయారుగా ఉన్నాయి. వాటిని తయారుచేసింది ఆ కంపెనీలు కాదు, ఆడవాళ్లు.

పిన్ని వాళ్ల గుంపులో పదిమందికి లెక్కలు రాసేది. కంపెనీ సమావేశాలకు నెల్లూరు, తిరుపతి వెళ్లేది. అక్కడేం చెప్పేవాళ్లని అడిగితే ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ముందు తెలిసినవాళ్లు వందమంది పేర్లు రాసుకోవాలి. మూడడుగుల దూరంలోకి వచ్చిన ఏ మనిషినీ కార్డు ఇవ్వకుండా వదలకూడదు. తన కార్డు ఇవ్వడం కన్నా ఎదుటివాళ్ల నెంబరు తీసుకోవడం ముఖ్యం, ఎందుకంటే మన కార్డు వాళ్ల సంచీలో నిద్రపోతుంది. తీసుకున్న కార్డు వెనక ఎక్కడ కలిశారో, పిల్లలెందరో, ఏం ఇబ్బందులున్నాయో రాసుకోవాలి. రెండురోజుల్లో ఫోన్ చెయ్యాలి. సరుకు గురించి కాక యోగక్షేమాలతో మొదలుపెట్టాలి.

ఇవన్నీ చెడ్డ సలహాలేం కావు. మన సదస్సుల్లో మనం చేసేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే ఒక తేడా ఉంది. ఆ వందమంది పేర్ల జాబితాలో పిన్ని రాసుకున్నది ఎవర్ని? తోడికోడలు, ఆడబిడ్డ, వియ్యపురాలు, పొదుపు గుంపులో పదిమంది. వాళ్ల ఇబ్బందులు పిన్నికి కార్డు వెనక రాసుకోకుండానే తెలుసు. వాళ్లు ఆమెతో మనసు విప్పి చెప్పుకున్నవి. అవే ఇప్పుడు అమ్మకానికి దారులయ్యాయి. ‘రవణమ్మకి మోకాళ్ల నొప్పులు గదా, ఈ పొడి ఇద్దాం’ అన్నట్టుగా. (పేరు నేను మార్చాను.) కార్డేమో ఇంగ్లీషులో ఉంది. రాత్రిబడిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్లు దాన్ని చదవలేకపోయారు. వాళ్లు నమ్మింది కార్డును కాదు, దాన్ని ఇచ్చిన చేతిని.

ఆరుగురు చేరారు. ఒక్కొక్కరూ సరుకు కొని ఇంట్లో పెట్టుకున్నారు. ఇద్దరు గుంపు అప్పు తీసి మరీ కొన్నారు. ఊళ్లో కూలిపని చేసుకునేవాళ్లు అంత ఖరీదు సబ్బు మళ్లీమళ్లీ కొనరని పిన్నికి ఏడాదిలోపే అర్థమైంది. పైనున్నవాళ్లకి ఫోన్ చేస్తే ‘ఇంకా మనుషుల్ని చేర్చండి’ అనేవాళ్లు. ఆ సరుకు డబ్బు పిన్ని నాలుగేళ్లలో తన కమ్మలమ్మి తీర్చింది. తీర్చాల్సిన బాధ్యత కాగితం మీద ఆమెది కాదు. ‘ఇండిపెండెంట్’ అన్న మాటకి అసలు అర్థం అప్పుడు తెలిసింది మాకు. జీతం లేదు, పీఎఫ్ లేదు, కంపెనీకి ఏ పూచీ లేదు. నష్టం మటుకు పూర్తిగా స్వతంత్రంగా ఆమెదే.

చట్టం ఈ సంగతి చూడలేదని కాదు. గొలుసు పథకాల మీద 1978 నాటి కేంద్రచట్టం ఉంది. 2007లో మన హైకోర్టు ఒక పెద్ద కంపెనీ పథకం పైకి చూడ్డానికి ఆ చట్టం కిందికే వస్తుందని చెప్పింది. 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు వచ్చాయి. పిరమిడ్ పథకాలు కూడదన్నారు. అమ్మే మనిషి గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అడక్కుండా ఒకరి ఇంటికి వెళ్లకూడదన్నారు. కొనేవాళ్ల రక్షణకు ఇది మంచిదే. అయితే ఆత్మకూరులాంటి చోట అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్య గీత ఎక్కడ గీస్తాం? పిన్ని అమ్మింది తన ఇంటికి ఏ కార్డూ లేకుండా రోజూ వచ్చేవాళ్లకే.

అయితే కార్డు వద్దా? ఈ మాట తేల్చుకోవడానికి నాకు ఉదయగిరి ఉపయోగపడింది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. చరిత్ర పుస్తకాల్లో ఉదయగిరి అంటే ఆ ముట్టడే. ఆ కొండ కింది ఇళ్లలో ఆడవాళ్లు నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. ఉదయగిరి చెక్క గరిటెలకి 2015లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ వచ్చింది. అక్కడ ఒకామెను పలకరిస్తే ఎగ్జిబిషన్ల సంగతి చెప్పింది. ‘కొన్నోళ్లు కార్డుందా అని అడుగుతారమ్మా. మళ్లీ కావాలంటే ఎక్కడ దొరుకుతావు అంటారు. కాయితం మీద నెంబరు రాసిస్తా. పారేసుకుంటారు. పక్క దుకాణం ఆయనకి కార్డుంది. ఆర్డర్లు ఆయనకి పోతాయి.’

ఇక్కడ కార్డు ఉండటం అవసరం. చెక్కింది ఆమె, ధర చెప్పేది ఆమె, నెంబరు ఆమెది. కార్డు అందుకున్న మనిషి ఆమె చుట్టమూ కాదు, ఆమె కింద చేరాల్సిన అవసరమూ లేదు. గరిటె నచ్చితే మళ్లీ అడుగుతుంది. జీఐ ఊరికి పేరిచ్చింది. చెక్కిన చేతికి కూడా పేరు కావాలి. పిన్నికి కార్డుంది కానీ దాని వెనక ఆమెదంటూ ఏమీ లేదు. ఉదయగిరి ఆమెకు అన్నీ ఉన్నాయి, కార్డు లేదు.

మరి నా కార్డు? దాని వెనక యూనివర్సిటీ పేరుంది. అందుకే అది మర్యాదగా కనిపించింది. ఆ రోజు నేను సిగ్గుపడింది పిన్ని అమ్ముతున్నందుకు కాదు. నేనూ అమ్ముకుంటున్నానన్న సంగతి ఆమె చూసేసినందుకు. ఈ మాట ఆమెతో చెప్పడానికి నాకు పదేళ్లకు పైగా పట్టింది. ‘పోన్లే’ అంది పిన్ని.

పెట్టెలో మిగిలిన కార్డుల మీద బాబాయి నెంబరు కొట్టేసి, తన నెంబరు బాల్‌పెన్నుతో రాసి ఉంది. 2015లో సొంత ఫోన్ కొనుక్కున్నాక నలభైటి మీదా కూర్చుని మార్చిందట. అప్పటికి అమ్మడం మానేసి ఏడాదైంది. ‘మరెందుకు మార్చావు?’ అంటే జవాబు చెప్పలేదు.

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి, పేరు వేయమంటావా అని అడిగాను. కాసేపు ఆలోచించింది. ‘వద్దులే మే. డబ్బులు తీర్చినా గుంపులో ఇద్దరు ఇంకా నాతో మాట్లాడటంలా. వాళ్ల పిల్లలు చదువుతారు ఇవన్నీ’ అంది.