కారు రీపెయింటింగ్‌లో ప్రైమర్ రంగు ఎంపిక

కారుకు మళ్లీ పెయింట్ వేసేటప్పుడు బేస్‌కోట్ (రంగునిచ్చే పొర) కిందికి తెల్ల ప్రైమర్ వాడాలా, బూడిద రంగుదా, నల్లదా అన్నది చాలా షాపుల్లో డబ్బాలో ఏది మిగిలివుంటే దాన్నిబట్టి తేలిపోతుంది. కాస్త ఆలోచించేవాళ్లు ఎర్ర కారుకు ఎర్ర ప్రైమర్, పసుప్పచ్చకు తెలుపు అని లెక్క వేస్తారు. ఈ రెండో పద్ధతి మొదటిదానికన్నా నయమే కాని, దాని లెక్కా సగమే సరైంది. ప్రైమర్ జత కుదరాల్సింది పై రంగు వర్ణంతో కాదు, అది ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉందన్న కాంతిస్థాయితో. ప్రైమర్‌కున్న అసలు పనులైన లోహానికి పట్టు, తుప్పు నివారణ, పుట్టీ గీతల్ని పూడ్చటం మాత్రం రంగుతో ముడిపడినవి కావు. ఖాళీ లోహానికి ఎపాక్సీ ప్రైమర్, ఎత్తుపల్లాలు సరిచేయడానికి టూ-కే (రెండు భాగాలు కలిపి వాడే) సర్ఫేసర్ వాడతారు. రెండూ వేర్వేరు రంగుల్లో దొరుకుతాయి. లారీ ఛాసిస్‌ల మీద, ఇంటి గేట్ల మీద కనిపించే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఎరుపు ఇనుప ఆక్సైడ్ వల్ల వచ్చింది. దాని తుప్పు నిరోధక శక్తిలో ప్రధాన భాగం ఆ ఎరుపుది కాదు, ఐఎస్ 2074 ప్రమాణం కింద వచ్చే రకంలో దానికి తోడుండే జింక్ క్రోమ్‌ది. కాబట్టి ఎర్రగా ఉంటే గట్టిదన్న నమ్మకానికి ఆధారం లేదు.

మరి రంగు ఎందుకు పట్టించుకోవాలి? బేస్‌కోట్ కింది పొరను పూర్తిగా కప్పలేకపోవడం వల్ల. తెలుపుకు వాడే టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం సుమారు 2.7, దాన్ని పట్టి ఉంచే రెజిన్‌ది సుమారు 1.5. ఈ తేడా వల్లే కాంతి గట్టిగా చెదిరి, తెలుపు కింది పొరను బాగా కప్పుతుంది. ఒకప్పుడు పసుపు, నారింజ రంగుల్లో సీసపు క్రోమేటులు ఇదే పని చేసేవి. విషపూరితమని వాటిని పక్కనపెట్టాక వాటి స్థానంలోకి వచ్చిన సేంద్రియ వర్ణద్రవ్యాలు మెరుపులో మిన్నే గాని, చాలావరకు పారదర్శకం. అందుకే మెరిసే ఎరుపు, నిమ్మపసుపు నాలుగైదు పూతలు తాగినా కింద నల్లమచ్చ తొంగిచూస్తుంది. సిల్వర్‌లోని అల్యూమినియం రేకులు కాంతిని దాటనివ్వవు కాబట్టి అది రెండు మూడు పూతల్లోనే సర్దుకుంటుంది. పెర్ల్ వైట్ కథ వేరు: అభ్రకపు రేణువులు దాదాపు పారదర్శకం, వాటికింద తెల్లని గ్రౌండ్‌కోట్ లేకపోతే ఆ రంగే పుట్టదు.

కాంతిస్థాయికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, సూక్ష్మమైన మచ్చల్ని మన కన్ను వర్ణంలోని తేడాకన్నా వెలుగులోని తేడాతోనే ముందు పట్టేస్తుంది. 1976లో అంతర్జాతీయ ప్రకాశ సంఘం (సీఐఈ) ఖరారు చేసిన రంగుల కొలతలోనూ వర్ణాలతో సంబంధం లేకుండా వెలుగుకు ఒక విడి అక్షం ఉంది. 0 నలుపు, 100 తెలుపు. పెయింట్ కంపెనీలు ఇదే సూత్రంతో తెలుపు, నలుపు ప్రైమర్లను కలిపి తెలుపు నుంచి నలుపు వరకు ఏడు మెట్ల దాకా బూడిద ఛాయలు సూచిస్తాయి. ఏ రంగుకు ఏ మెట్టో మిక్సింగ్ ఫార్ములాలోనే రాసి ఉండటం మామూలు. మెరిసే ఎరుపు కిందికి మధ్యస్థం నుంచి ముదురు బూడిద, పసుపు కిందికి తెలుపు లేదా అతిలేత బూడిద, ముదురు నీలం కిందికి బాగా ముదురుది. ఎర్ర కారుకు బూడిద ప్రైమర్ వింతగా అనిపించవచ్చు గాని, కాంతిస్థాయి ప్రకారం అదే సరైన జత. పసుపు విషయంలో వర్ణపు లెక్క, కాంతిస్థాయి లెక్క ఒకచోటికే చేరతాయి. తెలుపు అక్కడ పనిచేసేది లేతగా ఉండటం వల్లే.

పూతలు తగినన్ని వేస్తే కింద ఏ రంగున్నా ఒకటే కదా అన్న అభ్యంతరంలో నిజముంది. అయితే అదనపు పూతల్లో థిన్నర్ లోపలే చిక్కుకుని తర్వాత కుంగుదలలు, బుడగలు తెస్తుంది. మందం పెరిగిన పొర రాయి తగిలితే సులువుగా పెచ్చులూడుతుంది. మెటాలిక్‌లో రేకులు ఒక పద్ధతిలో పడుకోవు. పైగా తలుపుల లోపలి అంచుల దగ్గర స్ప్రే గన్ సరిగా తిరగదు. అక్కడ పూతలు తగ్గితే తేడా ఎండలో ఇట్టే బయటపడుతుంది.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి: జత కుదిరిన ప్రైమర్ మీద రంగు త్వరగా కప్పేసినట్టు కనిపిస్తే పెయింటర్ ముందే ఆపేయడా? ఆపేస్తే నష్టమే. ఎపాక్సీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పొడిబారుతుంది, పలచని బేస్‌కోట్ వాటిని అడ్డుకోలేదు. కొన్నాళ్లకు పై పొరలు పెచ్చులుగా లేస్తాయి. అందువల్ల కంటిని నమ్మకుండా, ప్యానెల్ మీద నలుపు-తెలుపు గళ్ల స్టిక్కర్ అతికించి, గళ్లు కనపడకుండా పోయేదాకా పూత వేస్తారు. కంపెనీ చెప్పిన కనీస పూతలు మాత్రం ఎలాగూ తప్పవు. ఒక బంపర్ మూలో, తలుపు మీది గీతో మాత్రమే సరిచేసేటప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం: చుట్టూ పాత పెయింట్ ఉన్నచోట లేత సర్ఫేసర్ పట్టీ వేస్తే, బేస్‌కోట్ పలచగా కలిసిపోయే అంచు వెంట వలయంలా ఒక ముద్ర మిగులుతుంది. అక్కడ పాత పెయింట్ వెలుగుకు దగ్గరగా ఉన్న బూడిదనే ఎంచుకోవాలి.